పెడల్ కాలిది, ప్రతినాదం గదిది

డిజిటల్ పియానో ముందు కూర్చున్నవాళ్లకు స్వరాన్ని పొడిగించే దారులు రెండు కనిపిస్తాయి. ఒకటి పాదం కింద ఉండే పెడల్. రెండోది మీటల పైన బటన్ల వరుసలో ఉండే రివర్బ్, అంటే ప్రతినాదం. పెడల్ తొక్కినా, రివర్బ్ పెంచినా చెవికి మొదట తెలిసేది ఒకటే. వేలు తీశాక కూడా మోత మిగిలి ఉంటుంది, పొడిపొడిగా ఉన్న వాయింపు నిండుగా వినిపిస్తుంది. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లలో చాలామంది ఈ రెండింటినీ ఒకే పనికి పెట్టిన రెండు సాధనాలనుకుంటారు. పెడల్ వాడటం కుదరకపోతే రివర్బ్ పెంచుతారు. రివర్బ్ ఎక్కువగా ఉంటే పెడల్ అవసరమే తోచదు. ఈ అలవాటు తప్పని నా వాదన. పెడల్ విలువ స్వరాన్ని సాగదీయడంలో కన్నా, సాగుతున్న స్వరాన్ని కావలసిన క్షణంలో ఆపడంలో ఎక్కువగా ఉంది. రివర్బ్‌కు ఆ ఆపే శక్తి లేదు. ఒకసారి ఎంత పెట్టామో అంతే, పాట ఎటు తిరిగినా అది తన పని తాను చేసుకుపోతుంది. రెండూ ఒకే చిప్‌లో జరిగే లెక్కలే అయినా ఒకటి వాద్యానికి సంబంధించినది, మరొకటి వాద్యం ఉన్న గదికి సంబంధించినది. ఈ తేడా వంటపట్టినవాళ్లకు డిజిటల్ పియానో నిజమైన పియానోకు చాలా దగ్గరగా వస్తుంది. పట్టనివాళ్ల చేతిలో అది ఎంత ఖరీదైనదైనా మసకగానే మోగుతుంది.

అసలు పియానోలో ఏం జరుగుతుందో ముందు చూద్దాం. 88 మీటలకు సుమారు 230 తీగలుంటాయి. అట్టడుగు మంద్ర మీటలకు ఒక్కో తీగ, ఆ పైన రెండేసి, మధ్య నుంచి చివరి వరకు మూడేసి. మీట నొక్కితే సుత్తి ఎగిరి తీగను కొట్టి వెనక్కి పడుతుంది. అదే సమయంలో ఆ తీగను ఆనుకుని ఉన్న ఫెల్ట్ మెత్త, అంటే డాంపర్, పైకి లేస్తుంది. వేలు తీయగానే డాంపర్ మళ్లీ తీగ మీద వాలి కంపనాన్ని ఆర్పేస్తుంది. కుడి పెడల్ తొక్కితే డాంపర్లన్నీ ఒక్కసారే లేస్తాయి, వదిలితే ఒక్కసారే వాలతాయి. దాని పని ఇంతే. అయితే ఈ ఏర్పాటు పాదం కిందికి రావడానికి చాలా కాలం పట్టింది. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో, మెడిచీ రాజకుటుంబం కొలువులో ఉన్న బర్తొలొమెయో క్రిస్టోఫొరి తొలి పియానోలు చేశాడు. వాటిలో డాంపర్లున్నాయి గానీ అన్నిటినీ కలిపి లేపే సాధనం లేదు. జర్మనీలో గోట్‌ఫ్రీడ్ జిల్బర్‌మాన్ దాన్ని చేత్తో కదిపే ఏర్పాటుగా జోడించాడు. తర్వాత జర్మన్, ఆస్ట్రియన్ పియానోల్లో అది మోకాలితో పైకి నెట్టే పలకగా మారింది. ఇంగ్లండులో జాన్ బ్రాడ్‌వుడ్ 1783లో తీసుకున్న పేటెంటులో పాదంతో తొక్కే పెడల్ ఉంది. చేత్తో కదపాల్సి ఉన్నంత కాలం వాయించే మనిషి ఒక చెయ్యి మీటల మీది నుంచి తీయక తప్పలేదు. కాబట్టి డాంపర్లను ఒక భాగమంతా లేపి ఉంచడమో, అసలు లేపకపోవడమో తప్ప మరో దారి లేదు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అది ఒక ఎఫెక్ట్ బటన్. మోకాలికి, ఆ తర్వాత పాదానికి మారాకే చేతులు ఆగకుండా ప్రతి స్వరసంపుటి (కార్డ్) దగ్గరా డాంపర్లను లేపడం, దించడం వీలైంది. పియానో చేసేవాళ్లు దాన్ని పాదం దాకా తీసుకొచ్చింది మోతను పెంచడానికి కాదు, మోత మీద క్షణక్షణం అదుపు కోసం.

డాంపర్లు లేచినప్పుడు స్వరం నిడివి మాత్రమే మారదు, స్వభావం కూడా మారుతుంది. దీన్ని ఎవరైనా పరీక్షించి చూడొచ్చు. మధ్య సి కన్నా ఒక స్థాయి కింద ఉన్న సి మీటను చప్పుడు కాకుండా మెల్లగా నొక్కి పట్టుకుని, దానికి ఇంకో స్థాయి కింద ఉన్న సి మీటను గట్టిగా కొట్టి వెంటనే వదలాలి. కొట్టిన స్వరం ఆగిపోతుంది, కొట్టని స్వరం మోగుతూ ఉంటుంది. కింది తీగ సెకనుకు 65.4 సార్లు కంపించేటప్పుడు దానికి రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్ల పౌనఃపున్యాల హార్మోనిక్స్ కూడా అందులో ఉంటాయి. రెట్టింపు అంటే 130.8 హెర్ట్జ్, సరిగ్గా మనం తెరిచి పట్టుకున్న తీగ సహజ కంపనం. ఆ శక్తి తీగలు ఆనే బ్రిడ్జి మీదుగా, దాని కింది చెక్క పలక అయిన సౌండ్‌బోర్డు మీదుగా దాన్ని చేరి కదిలిస్తుంది. పాఠ్యపుస్తకాల్లో అనునాదం అని చదువుకున్నది ఇదే. సితారులో మీటే తీగల కింద తరబ్ తీగలను ఈ అనునాదం కోసమే కడతారు. వాటిని ఎవరూ మీటకపోయినా పై తీగలు పలికినప్పుడు అవి పలుకుతాయి. పియానోలో పెడల్ తొక్కితే రెండు వందల పైచిలుకు తీగలు ఒక్కసారిగా తరబ్ తీగలవుతాయి. అందుకే పెడల్ తొక్కి కొట్టిన ఒక్క స్వరం, తొక్కకుండా వేలితో అంతే సేపు పట్టుకున్న అదే స్వరం ఒకేలా ఉండవు. మొదటిదానిలో ఒక విశాలత ఉంటుంది. ఆ విశాలత హాలు గోడల నుంచి వచ్చింది కాదు, వాద్యం లోపలి నుంచి వచ్చింది.

ఇంకాస్త లోతుకు వెళితే, ఒక్క స్వరం ఆరిపోయే తీరులోనే సంక్లిష్టత ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త గాబ్రియేల్ వైన్‌రైక్ 1977లో ప్రచురించిన పరిశోధన దీన్ని విడమరిచింది. పియానో స్వరం ఒకే వేగంతో తగ్గదు. మొదట చురుగ్గా పడిపోతుంది, తర్వాత చాలాసేపు నెమ్మదిగా సాగుతుంది. ఒకే స్వరానికున్న మూడు తీగలూ సుత్తి దెబ్బకు మొదట కలిసి ఊగుతాయి. కలిసి ఊగుతున్నంతసేపు బ్రిడ్జిని ఒకే దిశలో లాగుతాయి కాబట్టి శక్తి త్వరగా సౌండ్‌బోర్డులోకి పోతుంది. వాటి శ్రుతుల్లో అత్యంత స్వల్పమైన తేడా ఉండటం వల్ల కొద్దిసేపట్లో ఊపులు ఎదురెదురవుతాయి. ఒకటి పైకి లాగితే ఇంకొకటి కిందికి లాగుతుంది, బ్రిడ్జి దాదాపు కదలదు, శక్తి బయటికి పోయే దారి సన్నబడుతుంది. పియానో స్వరానికున్న ఆ పొడవైన తోక ఇలా పుడుతుంది. గ్రాండ్ పియానోలో ఎడమ పెడల్ తొక్కితే యంత్రాంగమంతా కొద్దిగా పక్కకు జరిగి, సుత్తి మూడింటిలో రెండు తీగలనే కొడుతుంది. కొట్టని మూడో తీగ మిగతా రెండింటి నుంచి శక్తి తీసుకుని వాటికి ఎదురుగా ఊగడం మొదలుపెడుతుంది. దాంతో దెబ్బ శబ్దం తగ్గి, తోక వాటా పెరుగుతుంది. ఎడమ పెడల్ వాల్యూమ్‌ను తగ్గించడమే కాకుండా స్వరం రంగును మార్చడానికి ఇదొక ముఖ్య కారణం. పెడళ్లను అలంకారాలుగా చూడకూడదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అవి తీగల భౌతిక స్థితినే మారుస్తున్నాయి.

ఇదంతా పెడల్ పొడిగించే శక్తి గురించి. దాని ఆపే శక్తి ఎంత విలువైనదో చెప్పడానికి బేథోవెన్ రచన ఒకటి చాలు. 'మూన్‌లైట్' పేరుతో ప్రసిద్ధమైన 1801 నాటి సొనాటా మొదటి భాగాన్నంతా డాంపర్లు లేపి ఉంచి అతి సుకుమారంగా వాయించాలని ఆయన సూచించాడు. ఆనాటి వియన్నా పియానోల్లో తీగలు సన్నం, బిగువు తక్కువ, స్వరం త్వరగా ఆరిపోయేది. కాబట్టి డాంపర్లు లేచే ఉన్నా పాత స్వరాలు కొత్తవాటికి దారి ఇచ్చేవి. ఇప్పటి గ్రాండ్ పియానోలో తీగలన్నిటి బిగువు కలిపి సుమారు 20 టన్నులు. ఇనుప చట్రం దాన్ని మోస్తుంది. మంద్ర తీగ ఒకసారి కొడితే పది సెకన్లకు పైగా మోగుతుంది. దీని మీద బేథోవెన్ సూచనను అక్షరాలా పాటిస్తే స్వరసంపుటులు ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి. అందుకే నేటి కళాకారుల్లో అత్యధికులు ఆ భాగాన్ని సంపుటి మారినప్పుడల్లా పెడల్ మార్చుతూనో, సగం పెడల్‌తోనో వాయిస్తారు. వాద్యానికి సాగే శక్తి పెరిగినకొద్దీ ఆపే నేర్పు అవసరమూ పెరిగిందన్నమాట.

ఇప్పుడు గది సంగతి. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం ఉపన్యాస శాల ఎవరికీ మాట అర్థంకాని స్థితిలో ఉండేది. దాన్ని బాగుచేసే పని 27 ఏళ్ల వాలెస్ సబైన్‌కు అప్పగించారు. ఆయన ఒక ఆర్గాన్ గొట్టం, ఒక స్టాప్‌వాచ్, పక్క నాటకశాల నుంచి తెచ్చిన సీటు మెత్తలు సాధనాలుగా రాత్రివేళల్లో కొలతలు తీశాడు. ఖాళీ శాలలో పలికిన మాట ఐదున్నర సెకన్లు చెవికి వినిపిస్తూనే ఉందని తేలింది. గది ఘనపరిమాణం పెరిగితే ప్రతినాదం పెరుగుతుందని, ధ్వనిని పీల్చే ఉపరితలాలు పెరిగితే తగ్గుతుందని ఆయన సూత్రీకరించాడు. ఆ సూత్రంతో రూపొందిన బాస్టన్ సింఫనీ హాల్ 1900లో తెరుచుకుంది. సంగీతానికి ప్రపంచంలో అత్యుత్తమమైన శాలల్లో ఒకటిగా దానికి నేటికీ పేరుంది. ధ్వని 60 డెసిబెల్‌లు తగ్గడానికి పట్టే కాలాన్ని ప్రతినాద కాలం అంటారు. మంచి సంగీత శాలల్లో అది సుమారు రెండు సెకన్లు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. శాల ఎవరి మాటా వినదు. వాయించేవాడు సంపుటి మార్చాడని గోడలకు తెలియదు. కళాకారుడు చేయగలిగిందల్లా ఆ రోజు ఆ శాల ఎంత మోగుతోందో విని, దానికి తగ్గట్టు వేగాన్ని, వేళ్ల స్పర్శను, ముఖ్యంగా పెడల్‌ను మార్చుకోవడం.

డిజిటల్ పియానోలో ఈ రెండూ లెక్కలుగా మారతాయి, కానీ వేర్వేరు లెక్కలుగా. ఎక్కువ వాద్యాలు నిజమైన పియానో స్వరాలను రకరకాల బలాలతో రికార్డు చేసి నిల్వ ఉంచుకుని, మీట నొక్కిన తీరును బట్టి వాటిని వినిపిస్తాయి. పెడల్ స్థితి వాద్యం లోపలి మెదడుకు ఒక అంకెగా చేరుతుంది. ఎలక్ట్రానిక్ వాద్యాలు సంకేతాలు పంపుకోవడానికి 1983లో వచ్చిన మిడి ప్రమాణంలో కుడి పెడల్‌ది 64వ నంబరు, దాని విలువ 0 నుంచి 127 వరకు. ఉత్త స్విచ్ లాంటి చవక పెడల్ 0, 127 అనే రెండు విలువలే పంపగలదు. నిరంతర విలువలు పంపే పెడల్, దాన్ని అర్థం చేసుకునే వాద్యం జతపడితే మధ్య స్థితులన్నీ వీలవుతాయి. సగం పెడల్ అంటే ఇదే. నిజమైన పియానోలో డాంపర్లు తీగలను తాకీ తాకనట్టు ఉంటే సన్నని తార తీగలు త్వరగా ఆగుతాయి, బరువైన మంద్ర తీగలు మోగుతూనే ఉంటాయి. తొలి రోజుల్లోనూ, చవక నమూనాల్లో ఇప్పటికీ, పెడల్ అంటే స్వరాన్ని ఆర్పకుండా ఉంచడం మాత్రమే. తీగల మధ్య అనునాదం ఉండదు. తర్వాతి వాద్యాలు ఆ అనునాదాన్ని విడిగా లెక్కగట్టి కలుపుతున్నాయి. 2006లో వచ్చిన పియానోటెక్ సాఫ్ట్‌వేర్, 2009లో రోలాండ్ విడుదల చేసిన వి-పియానో రికార్డింగులతో పని లేకుండా తీగల కంపనాన్నే గణితంతో నిర్మించాయి. ఇందాకటి సి మీటల ప్రయోగాన్ని రివర్బ్ ఆపేసి మీ డిజిటల్ పియానో మీద చేసి చూడండి. కొట్టని స్వరం వినిపిస్తే అందులో అనునాదపు లెక్క ఉన్నట్టే. పెడల్ భారం యంత్రం మీద ఎంత పడుతుందో పాలిఫనీ అంకె చెబుతుంది. ఒకేసారి ఎన్ని ధ్వనులు మోగగలవో చెప్పే అంకె అది. స్టీరియో రికార్డింగులో ఒక్కో స్వరం రెండేసి ధ్వనులను తీసుకోవచ్చు. 64 పరిమితి ఉన్న వాద్యంలో పెడల్ తొక్కి పట్టి రెండు చేతులా స్వరాలు కురిపిస్తే కొద్దిసేపట్లోనే పాత స్వరాలు మధ్యలో తెగిపోతాయి.

రివర్బ్ లెక్క వేరే చోట, అన్నిటికన్నా చివర జరుగుతుంది. పియానో భాగం తయారుచేసిన ధ్వనినంతా తీసుకుని, దానికి వందల వేల ఆలస్యపు ప్రతులను చేర్చి, ఒక్కోదాన్ని క్రమంగా బలహీనం చేస్తూ కలుపుతారు. బెల్ ల్యాబ్స్‌లో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ 1960ల తొలినాళ్లలో దీనికి గణిత పునాది వేశాడు. ప్రతిధ్వనులు విడివిడిగా టకటకమని వినిపించకుండా ఒకే మోతగా కలిసిపోవాలంటే సెకనుకు సుమారు వెయ్యి ప్రతిధ్వనుల సాంద్రత కావాలని ఆయన అంచనా. బటన్ల మీద కనిపించే రూమ్, హాల్, స్టేజ్ అనే పేర్లన్నీ ఈ ప్రతుల అమరికలోని తేడాలే. ఐదు మీటర్ల దూరంలోని గోడను తాకి ధ్వని తిరిగి రావడానికి సుమారు 29 మిల్లీసెకన్లు పడుతుంది. తొలి ప్రతులు ఎంత ఆలస్యంగా వచ్చాయన్నదాన్ని బట్టి చెవి గది పరిమాణాన్ని ఊహించుకుంటుంది. కోరస్ అనే ఎఫెక్ట్ కూడా ఆలస్యపు ప్రతులతోనే తయారవుతుంది. సుమారు 20, 30 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని నిలకడగా ఉంచకుండా మెల్లగా ఊపితే శ్రుతి కొద్దికొద్దిగా కదిలి, ఒకరు వాయించింది పలువురు వాయించినట్టు తోస్తుంది. వీటన్నిటికీ ఒక సమాన లక్షణం ఉంది. స్వరం ఏదో, సంపుటి ఏదో వీటికి తెలియదు. తమ దగ్గరకు వచ్చిన ధ్వనికి ఒకే లెక్కను నిర్విరామంగా వర్తింపజేస్తాయి.

తేడా ఎంతటిదో అంకెల్లో చూద్దాం. ప్రతినాద కాలం రెండు సెకన్లయితే ఆ మోత సెకనుకు 30 డెసిబెల్‌లు తగ్గుతుంది. పది డెసిబెల్‌లు తగ్గితే చెవికి సుమారు సగం బిగ్గరగా వినిపిస్తుంది కాబట్టి, సెకనుకో సంపుటి మారే పాటలో పాత సంపుటి మోత కొత్తది వచ్చేసరికి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కొత్త స్వరాల కింద అది మరుగున పడుతుంది. రివర్బ్‌ను నాలుగు సెకన్లకు పెంచితే అదే సెకనులో తగ్గేది 15 డెసిబెల్‌లే. మూడో వంతుకు పైగా మిగిలి ఉంటుంది, కొత్త సంపుటితో కలిసి వినిపిస్తుంది, ఏం చేసినా దాన్ని తుడవలేం. పెడల్ వదిలితే మాత్రం మధ్య స్థాయి తీగ సెకనులో చిన్న భాగంలోనే ఆగిపోతుంది. ఇలా కలిసి వినిపిస్తే ఏమవుతుందో మన సంగీతం నుంచే ఉదాహరణ తీసుకోవచ్చు. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు సరళీ స్వరాలను మాయామాళవగౌళలో మొదలుపెడతారు, ఇళ్లలో కీబోర్డు ఉంటే దాని మీదా వాయించి చూస్తారు. మధ్య సిని షడ్జమంగా పెట్టుకుంటే అది 261.6 హెర్ట్జ్, దాని పక్కనే శుద్ధ రిషభం 277.2. తేడా 15.6. గాంధారానికి, మధ్యమానికి మధ్య తేడా 19.6, పంచమానికి, ధైవతానికి మధ్య 23.3. రెండు పౌనఃపున్యాలు ఇంత దగ్గరగా కలిసి మోగినప్పుడు సెకనుకు అన్నిసార్లు ధ్వని ఎగసిపడుతుంది. దాన్ని మనం విడి స్వరాలుగా కాక గరుకుదనంగా వింటాం. రాగం రూపం స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చే క్రమంలో ఉంది. అన్నీ ఒకేసారి మోగితే మిగిలేది రాగం కాదు. పెడల్ తొక్కి పట్టినా, రివర్బ్ అతిగా పెంచినా ఇదే జరుగుతుంది. కానీ మొదటిదాన్ని పాదం ఎత్తి సరిదిద్దవచ్చు. మంద్ర స్థాయిలో ఇంకా జాగ్రత్త కావాలి. మధ్య సితో పై ఇ స్వరం కలిస్తే తేడా 68 హెర్ట్జ్, వినడానికి హాయిగా ఉంటుంది. అదే జంటను రెండు స్థాయిలు కింద వాయిస్తే తేడా 17 హెర్ట్జ్, పైన పొందికగా ఉన్న స్వరాలే అక్కడ గరుకుగా ఘూర్ణిల్లుతాయి. పైగా ఆ తీగలే ఎక్కువసేపు మోగుతాయి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. రివర్బ్ గదికి సంబంధించినదైతే, అది లేకుండా పియానోను ఎవరైనా ఎప్పుడైనా విన్నారా? నిజమే, లేదు. గోడల మధ్య లేని పియానో అంటూ ఉండదు. పైగా అపార్ట్‌మెంట్లలో పొరుగువాళ్లకు ఇబ్బంది లేకుండా చాలామంది హెడ్‌ఫోన్లతోనే సాధన చేస్తారు. అప్పుడు రివర్బ్ పూర్తిగా ఆపేస్తే స్వరం తల లోపలే పుట్టినట్టు బిగుసుకుపోయి వినిపిస్తుంది, చెవులు త్వరగా అలసిపోతాయి. కాబట్టి రివర్బ్‌ను నిషేధించమని ఎవరూ అనకూడదు. హెడ్‌ఫోన్లతో చిన్న గది అంత రివర్బ్ ఉండటం సహజత్వానికి అవసరం. స్పీకర్లతో వాయిస్తే మాత్రం మన గదికి సొంత ప్రతినాదం ఎలాగూ ఉంది, దానికి యంత్రపు హాల్ కూడా తోడైతే రెండు గదుల్లో ఒకేసారి కూర్చున్నట్టవుతుంది. ఇక్కడ కూడా గీత స్పష్టంగానే ఉంది. రివర్బ్‌ను చోటును బట్టి నిర్ణయించాలి, పాటలోని లోపాన్ని బట్టి కాదు. స్వరాల మధ్య తెగిన అతుకు వినిపిస్తుంటే దానికి మందు వేళ్లలోనో పాదంలోనో ఉంటుంది.

రెండో అభ్యంతరం కలప పియానోను ప్రేమించేవాళ్లది. డిజిటల్ పెడల్ నటన మాత్రమే, దాని మీద నేర్చిన నేర్పు నిజమైన పియానో మీద చెల్లదంటారు. ఇందులో కొంత నిజముంది. పెడల్ బరువు, అది ఎక్కడ పట్టుకుంటుంది, ఎడమ పెడల్‌తో మారే రంగు, పెడల్ మళ్లీ తొక్కినప్పుడు పూర్తిగా ఆరని తీగల్లో మిగిలిన శేషం, ఇవన్నీ లెక్కల్లో ఇప్పటికీ ఉజ్జాయింపులే. స్విచ్ పెడల్ మీద సగం పెడల్ అసలు రాదు. అయినా పెడల్ విద్యలో ప్రధానమైనది వేరే ఉంది. కొత్త సంపుటిని కొట్టే క్షణంలోనే పాదం ఎత్తి, వేళ్లు ఇంకా మీటల మీద ఉండగానే మళ్లీ తొక్కడం. అప్పుడు పాతది ఆగుతుంది, కొత్తది అందుకుంటుంది, మధ్య ఖాళీ వినిపించదు. ఇది వేళ్లకూ పాదానికీ చెవికీ మధ్య కుదిరే కాలజ్ఞానం. స్విచ్ పెడల్ మీద కూడా ఇది నూటికి నూరుపాళ్లు నేర్చుకోవచ్చు. ఆ మాటకొస్తే నిజమైన పియానోలన్నీ కూడా ఒకలా ఉండవు. ఎక్కువ అప్‌రైట్ పియానోల ఎడమ పెడల్ సుత్తులను పక్కకు జరపదు, తీగలకు దగ్గరగా తెస్తుందంతే. ఒక వాద్యం నుంచి మరో వాద్యానికి మారినప్పుడు చెవితో సర్దుకోవడం పియానో కళాకారులకు ఎప్పుడూ ఉన్న పనే.

మూడో అభ్యంతరం ఎఫెక్ట్‌లను ఇష్టపడేవాళ్ల నుంచి వస్తుంది. సినిమా పాటల్లో వినిపించే ఎలక్ట్రిక్ పియానో, ఆర్గాన్ ధ్వనులు కోరస్, ట్రెమొలో, రోటరీ లేకుండా నిలవవు కదా, వాటిని గది ఖాతాలో వేసి పక్కన పెట్టడం న్యాయమా అంటారు. న్యాయం కాదు. హామండ్ ఆర్గాన్ 1935లో వచ్చింది. దానికి తోడుగా డొనాల్డ్ లెస్లీ తిరిగే కొమ్ము ఉన్న స్పీకరును తయారుచేశాడు. రోటరీ ఎఫెక్ట్ అనుకరించేది దాన్నే. ధ్వని వచ్చే మూలం మన వైపు తిరిగేటప్పుడు శ్రుతి కొంచెం పెరిగి, అటు తిరిగేటప్పుడు తగ్గడం డాప్లర్ ఫలితం. ఆ ఊగిసలాట ఆ వాద్యం గొంతులో భాగమైపోయింది. అయితే ఈ ఉదాహరణ నా వాదనను బలపరుస్తుంది. ఆర్గాన్ వాయించేవాళ్లు రోటరీని వేసి మరిచిపోరు. నెమ్మది నుంచి వేగానికి, వేగం నుంచి నెమ్మదికి ఎక్కడ మార్చాలో పాటను బట్టి నిర్ణయిస్తారు. చాలా డిజిటల్ వాద్యాల్లో ఆ మార్పును పెడల్‌కు అప్పగించవచ్చు. ఎఫెక్ట్ మనిషి చేతిలోకి, కాలిలోకి వచ్చినప్పుడు వాద్యమవుతుంది. అదే సమయంలో, వాద్యధ్వని మారితే పెడల్ అర్థం కూడా మారుతుందని గుర్తుంచుకోవాలి. పియానో స్వరం కొట్టిన క్షణం నుంచే తగ్గుతూ పోతుంది కాబట్టి పెడల్ తొక్కి ఉంచినా కొంత క్షమిస్తుంది. ఆర్గాన్ స్వరం తగ్గదు. ఆ ధ్వనితో కుడి పెడల్ తొక్కి పట్టుకుంటే ప్రతి స్వరమూ పూర్తి బలంతో నిలిచిపోయి, పాట కొద్ది సెకన్లలో గోలగా మారుతుంది.

నేర్చుకునే మొదటి రోజుల్లో రివర్బ్ ఉత్సాహాన్నిస్తుంది కదా, దాన్ని ఎందుకు తగ్గించాలని అడగవచ్చు. ఉత్సాహం కోసం వాడుకోవడంలో తప్పు లేదు, కానీ సాధనలో ఒక వరుస పాటిస్తే మేలు. ముందు రివర్బ్ ఆపి, పెడల్ లేకుండా, వేళ్లతోనే స్వరాలను వీలైనంత అతికించి వాయించాలి. ఎక్కడ వేళ్లు అందవో అక్కడే పెడల్ నిజంగా కావాలని తెలుస్తుంది. తర్వాత పెడల్ చేర్చి, సంపుటి మారే ప్రతి చోటా పాత మోత పూర్తిగా తొలగిందో లేదో వినాలి. పొడి ధ్వనిలో ఆ లోపం దాగదు. చివరగా గదికి తగినంత రివర్బ్ పెట్టుకోవాలి. పోర్టబుల్ కీబోర్డుల ప్యానెల్ మీద ఉండే సస్టెయిన్ బటన్‌ను పెడల్‌కు ప్రత్యామ్నాయం అనుకోకూడదు. అది ప్రతి స్వరానికీ ఒకే నిడివి తోకను తగిలిస్తుంది, ఎప్పుడు ఆపాలో అడగదు. పెడల్ తలకిందులుగా పనిచేస్తుంటే, అంటే తొక్కితే ఆగి వదిలితే సాగుతుంటే, కంగారుపడక్కర్లేదు. చాలా వాద్యాలు ఆన్ చేసినప్పుడు పెడల్ ఉన్న స్థితిని మామూలు స్థితిగా తీసుకుంటాయి కాబట్టి, పాదం తీసి ఉంచి వాద్యాన్ని ఆపి మళ్లీ ఆన్ చేస్తే సాధారణంగా సరిపోతుంది.

కొనేటప్పుడు కూడా ఈ తేడా దారి చూపాలి. ప్రకటనల్లో వందల వాద్యధ్వనులు, పదుల ఎఫెక్ట్‌ల అంకెలు పెద్దగా కనిపిస్తాయి. సంగీతం నేర్చుకునే మనిషికి అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు మూడు. పెడల్ నిరంతర విలువలు పంపుతుందా, వాద్యం వాటిని అర్థం చేసుకుంటుందా, పాలిఫనీ 128కి తగ్గకుండా ఉందా? పిల్లలకు నేర్పేవాళ్లు కూడా పెడల్‌ను చివరి పాఠంగా వాయిదా వేయకుండా, పాదం అందే వయసు రాగానే చెవికిచ్చే శిక్షణలో భాగంగా మొదలుపెట్టాలి. రివర్బ్ ఎంత ఉండాలో గదిని విని ఒకసారి తేల్చుకోవచ్చు. పెడల్ ఎప్పుడు వదలాలన్నది మాత్రం ప్రతి పాటలో, ప్రతి మలుపులో, ప్రతిసారీ కొత్తగా తేల్చుకోవలసిన విషయం. ఆ నిర్ణయంలోనే వాయించే మనిషి సంగీత జ్ఞానం బయటపడుతుంది కాబట్టి, దాన్ని ఏ బటన్‌కూ అప్పగించకూడదు.